చేయి మరువని స్వరం

శామీర్‌పేట,
విశ్వావసు ఆషాఢ శుద్ధ నవమి.

మిత్రుడు ఖాలిక్‌కు,

మీ ఇంట్లో నేను ఓడిపోయి నేటికి అయిదు రోజులు. కుడి భుజం ఇంకా సలుపుతూనే ఉంది. అక్షరాలు కొంచెం వంకరపోతే నెపం దానిదే.

జరిగినదంతా నీ కళ్ళ ముందే జరిగింది. అయినా ఓడినవాడి వైపు నుంచి కూడా ఒకసారి విను. సుచిత్ర చౌరస్తా దగ్గర వీడియో ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్న నీ మనుమరాలు సైమా, పదిహేనేళ్ళ నాటి గేమ్ కన్సోల్‌ను తెచ్చి టీవీకి తగిలించింది. తెల్లని చిన్న కంట్రోలర్‌ను నా అరచేతిలో పెట్టి, దాని తాడును మణికట్టుకు బిగించి, "తాతా, నీ చెయ్యి ఎట్ల కదిలితే గట్ల టీవీల బంతి పోతది" అన్నది. బంతిని వెనక్కి తీసి, రెండడుగులు ముందుకు వేసి, చేయి పూర్తిగా చాచి విసరాలని తెర మీది బొమ్మ చూపించింది. చూపినది చూపినట్టు చేయడం నాకు బాల్యంలోనే అబ్బిన విద్య. ఉత్తరీయాన్ని నడుముకు చుట్టి, అడుగులు వేసి, భుజమంతా తిప్పి విసిరాను. తెర మీద నిలబెట్టిన పది కొయ్యల్లో నాలుగు పడ్డాయి. మంచం మీద కూర్చొని చింతచిగురు దూస్తున్న నీ ఇల్లాలు, నాకు చెల్లెలైన షహజాది, ఎడమచేతిలోని రెమ్మ వదలకుండానే, కుడి మణికట్టును ఈగను తోలినట్టు ఒక్కసారి ఆడించింది. పదీ పడ్డాయి. పైగా నాకు హితబోధ చేసింది: "పంతులన్నా, గంత గనం ఎందుకు ఊపుతవ్? మనికట్టు జర్ర గిట్లంటే సాలు. దానికేమెర్క."

ఆ చివరి మాట నన్ను వదలడం లేదు. దానికి నిజంగానే ఏమీ తెలియదు. తెలుసుకోగలిగి ఉండి కూడా తెలియదు. ఇన్నాళ్ళూ యంత్రాలన్నీ మనిషిని వేలికొన మాత్రమే అడిగాయి. మీట నొక్కితే చాలన్నాయి. భుజం నుంచి గోటి వరకు చేతినంతటినీ రమ్మని పిలిచిన ఆటవస్తువును నేను చూడడం ఇదే మొదటిసారి. పిలిచి, తీరా చేయి గుమ్మంలోకి వచ్చాక దాని ముఖమైనా చూడలేదు. ఒకప్పుడు లోకమంతా ఈ ఆటల కోసం ఎగబడిందనీ, మణికట్టు విసురుతో పని జరిగిపోతుందని తెలిశాక జనం సోఫాల్లో కూలబడ్డారనీ, తయారుచేసేవారూ విసిగి మళ్ళీ మీటలకే తిరిగిపోయారనీ సైమా చెప్పింది. విన్నకొద్దీ నాకు మనసు ఆగలేదు.

ఎందుకంటే, చేతిని చూడడం ఎలాగో మాకు తెలుసు. మా శాఖలో వేదాన్ని గొంతుతో ఎంత పలుకుతామో చేతితోనూ అంతే పలుకుతాము. స్వరం దిగితే చేయి గుండె దగ్గరికి దిగుతుంది. లేస్తే కనుబొమల ఎత్తుకు లేస్తుంది. వంగి జారే స్వరానికి చెవి వైపు మళ్ళుతుంది. నాకు ఏడేళ్ళ వయసులో మా గురువుగారు నా మోచేయి పట్టుకొని కూర్చునేవారు. చేయి ఎంత దూరం వెళ్ళింది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్న మూడూ ఆయనకు పట్టింపే. కదలిక కన్నా ఆగడమే కష్టమనేవారు. సైమాను అడిగి చెప్పు: చేయి ఆగిన చోటును గుర్తించే శక్తి ఆ పరికరానికి ఉన్నదా?

ఫోను చేయవచ్చు కదా అని నీవు అంటావు. ఈమధ్య చెవులు కొంచెం మందగించాయి. ఫోనులో నీ మాట కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఉత్తరమైతే నీ దస్తూరీ స్పష్టంగా వినిపిస్తుంది. నా శిష్యుడు ప్రణయ్ కార్తీకంలో వేదసభలో పరీక్షకు కూర్చుంటున్నాడు. జీడిమెట్ల మందుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, మూడేళ్ళుగా ప్రతి ఉదయం నా దగ్గరికి వచ్చి చదివినవాడు. ఈ వయసులో నాకు మిగిలిన ఒకే ఒక్క శిష్యుడు. అతనికి ఈ ఆట సంగతి చెబితే నవ్వాడు. నీవు నవ్వకు.

విరూపాక్ష శర్మ.


మేడ్చల్,
జూలై 11.

శర్మా,

మన రెండు ఊళ్ళ మధ్య గంట ప్రయాణం కూడా లేదు. నీ ఉత్తరానికి అయిదు రోజులు పట్టింది. దారిలో ఎవరెవరి ఇంట్లో చాయ్ తాగి వచ్చిందో తెలియదు. అందిన రోజు నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. షహజాది తాను గెలిచిన సంగతి వాడకట్టు మొత్తానికి చెప్పింది. "వేదం సదివిన పంతుల్నే ఓడగొట్టిన, మీరెంత" అని పాలు పోసేవాడిని కూడా ఆటకు పిలుస్తోంది.

నీ ప్రశ్నను సైమాకు చదివి వినిపించాను. మొదట మామూలుగానే వింది. 'కదలిక కన్నా ఆగడమే కష్టం' అన్న చోట నా చేతిలోంచి కాగితం లాక్కొని తానే చదువుకుంది. ఆ పాత కన్సోల్‌కు కుదుపు మాత్రమే తెలుసునట. అందుకే కత్తి విసిరినా, బంతి విసిరినా, గరిటె తిప్పినా దానికి ఒకటే. ఇప్పటి కంట్రోలర్‌కు వంపూ తెలుసు, తిరగడమూ తెలుసు, నిలకడా తెలుసు. పక్కన ఒక చిన్న కెమెరా పెడితే ఎత్తు కూడా వెంట్రుకవాసి తేడాతో చెబుతుంది. అన్నీ ఉన్నాయి, అడిగేవాడే లేడని అంది. "తాతా, గింత మంచి కన్ను పెట్టి దానికి గంతలు కట్టిన్రు. చేతిని బటన్ లెక్కనే వాడిన్రు గానీ చేతి లెక్క వాడలే." వాళ్ళ కంపెనీ పెద్దమనిషి మాత్రం ఈ దారి ఎప్పుడో మూసుకుపోయిందని, దాని మీద కాలం వృథా చేయవద్దని చెప్పాడట. అయినా ఆదివారాలు తనవే కదా అంటోంది.

నా మాట కూడా విను. ముప్పై ఒక్క సంవత్సరాలు జీడిమెట్లలో గేజీలు సరిచూసే విభాగంలో పనిచేశాను. కొలిచే సాధనం ఎంత సూక్ష్మమైనదైనా, చూసేవాడు 'పోనీలే' అంటే అది ఇనుపముక్కతో సమానం. మీ గురువుగారు మా విభాగంలో ఉండవలసిన మనిషి.

వచ్చే ఆదివారం సైమాను తీసుకొని వస్తున్నాను. నీ చేయి సిద్ధంగా ఉంచు.

ఖాలిక్.


శామీర్‌పేట,
ఆషాఢ బహుళ ద్వాదశి.

ఖాలిక్,

మీరు వెళ్ళి రెండు రోజులైనా మా అరుగు మీద సందడి తగ్గలేదు. డెబ్బైరెండేళ్ళ జీవితంలో నా చేయి ఇంత గౌరవం పొందిన రోజు లేదు. సైమా నా ఎదుట బాసింపట్టు వేసుకొని కూర్చొని, కంట్రోలర్‌ను నా అరచేతికి గుడ్డపేలికతో కట్టి, ప్రణయ్ పరీక్షకు చదివే మంత్రభాగం మొత్తం పూర్తయ్యేదాకా రెప్ప వేయకుండా చూసింది. తరువాత తన ల్యాప్‌టాప్‌లో నా చేతి మార్గాన్ని ఒక గీతగా చూపించింది. కొండలు, లోయలు, మధ్యలో సమతలాలు! నా చేయి గాలిలో ఇన్నేళ్ళుగా రాస్తున్న రాతను మొట్టమొదటిసారి చదివాను. ఆ గీతను చూస్తూ ఏ అక్షరం ఎక్కడ పలికానో వేలితో చూపగలిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. నేను ఆమె కన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాను; పెద్దరికం అడ్డువచ్చి కనబరచలేదు.

మీరు బస్సెక్కిన తరువాత ఎదురింటి సాలమ్మ వచ్చి ఏమిటీ తతంగమని నిలదీసింది. సైమా వదిలివెళ్ళిన రెండు కంట్రోలర్లలో ఒకదాన్ని ఆమె చాట అంచుకు కట్టి బియ్యం చెరగమన్నాను. "గిదేంది అయ్యా, బియ్యం నూకలకు కరెంటు పెడుతున్నవా" అని తిట్టింది గాని చెరిగింది. నూక ఒకవైపు, రాయి ఒకవైపు, మేలుగింజ నడుమ నిలిచేలా ఆమె మణికట్టు చేసే పని చూశావా? లోకంలో ఏ ఆటలోనైనా ఆ నైపుణ్యానికి చోటు ఉన్నదా? కుమ్మరి బొటనవేలు, మగ్గం మీది చేయి, కోలాటంలో కర్ర తగిలి వెనక్కి మళ్ళే క్షణం, వీటన్నిటినీ వదిలిపెట్టి ఉత్త విసురుడు ఒక్కటే పట్టుకున్నారు. కనుగొన్న సముద్రంలో కాళ్ళు కడుక్కొని ఇంటికి పోయారని నాకు అనిపిస్తున్నది.

ఒక నియమం మాత్రం సైమాకు మళ్ళీ గుర్తుచెయ్యి. ఆటలో నా చేతి గీత ఒక్కటే ఉండాలి, మంత్రాక్షరాలు ఉండరాదు. అక్షరానికి అధికారం, నియమం, దీక్ష ఉన్నాయి. చేయి అందరిదీ. దానిని ఎవరైనా అనుసరించవచ్చు.

ఆట సిద్ధం కాగానే ప్రణయ్‌ను మీ ఇంటికి పంపుతాను. ఉద్యోగం నుంచి వచ్చే దారే కదా. మీ అందరి ముందు వాడు నిండు మార్కులు తెచ్చుకోవడం నేను చూడకపోయినా, నీవు రాస్తే చదివి ఆనందిస్తాను.

విరూపాక్ష శర్మ.


మేడ్చల్,
ఆగస్టు 10.

శర్మా,

ఆట తయారైంది. తెర మీద చీకటి, అందులో ఒక్క దీపం. నీ చేయి ఎలా నడిచిందో ఆ దీపం అలా నడుస్తుంది. ఆడేవాడు కంట్రోలర్ పట్టుకొని దీపంతో పాటు చేయి నడపాలి. విసిరితే దీపం ఆరిపోతుంది. తొందరపడితే ఆరిపోతుంది. ఆగవలసిన చోట ఆగితే వెలుగు పెరుగుతుంది. ఇంతే ఆట. నేను మొదటిరోజు ముప్పై దాటలేదు. షహజాది కూర్చొని మణికట్టు తిప్పబోయింది, వెంటనే ఆరింది. "గిదేంది, దీనికి అన్నీ ఎర్కేనా" అని లేచి నిలబడింది. శర్మా, నలభై అయిదేళ్ళలో ఆమె అంత నెమ్మదిగా ఏ పనీ చేయడం నేను చూడలేదు. వారం తిరిగేసరికి నూటికి తొంభై ఒకటి. వంటింట్లో గరిటె కూడా ఇప్పుడు ఆగి ఆగి దిగుతోంది.

ప్రణయ్ శుక్రవారం డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. మంచివాడు. దీపం నాలుగు అడుగులు నడవగానే అది ఏ మంత్రభాగమో పోల్చుకొని, పెదవులలో చదువుకుంటూ చేయి నడిపించాడు. ఎంత అందమైన చేయి! కానీ పదకొండు చోట్ల దీపం ఆరిపోయింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ అవే పదకొండు చోట్లు. ముచ్చటగా మూడోసారి కూడా అంతే. అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. షహజాది ముందు పాపం తల ఎత్తలేదు.

యంత్రంలోనే ఏదో లోపం ఉంటుంది. నా పాత బల్ల మీద బిగించి, ఎత్తు కొలిచే స్టాండుతో సరిచూస్తాను. నీవు పరేషాన్ కావద్దు.

ఖాలిక్.


శామీర్‌పేట,
శ్రావణ బహుళ సప్తమి.

ఖాలిక్,

పరేషాన్ నాకు ఎందుకు? లోపం యంత్రానిదే. అందులో అణుమాత్రం సందేహం లేదు. తొంభై ఒకటి సాధించిన మా చెల్లెలికి అభినందనలు. అయితే ఆమె చూసి అనుకరించింది. ప్రణయ్ చేయి అనుకరణ కాదు.

మా పద్ధతి నీకు తెలియదు కనుక చెబుతున్నాను. సంత చెప్పేటప్పుడు, అంటే నేను ఒకసారి పలికి శిష్యుడు రెండుసార్లు పలికేటప్పుడు, అతని చూపు నేల మీదనే ఉండాలి. గురువు నోటిని వినాలి. గురువు చేతిని చూడరాదు. చూసి నేర్చిన చేయి నటన అవుతుందనీ, విని నేర్చిన స్వరం నుంచి చేయి తానుగా పుట్టాలనీ మా గురువుగారి శాసనం. మూడేళ్ళలో ప్రణయ్ నా చేతిని ఒక్కసారీ చూడలేదు, చూడనివ్వలేదు. అతని చేయి అతని గొంతు వెంట నడుస్తుంది. అతని గొంతు నా గొంతు వెంట నడుస్తుంది. ఇందులో తప్పు దూరడానికి సందు ఎక్కడ?

నీ స్టాండు ఏమన్నదో వెంటనే రాయి.

విరూపాక్ష శర్మ.


మేడ్చల్,
ఆగస్టు 24.

శర్మా,

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. బస్సులు చుట్టు తిరిగి పోతున్నాయి. షహజాది నీకు సలాం చెప్పమంది. సైమాకు పని ఎక్కువగా ఉంది. మిగతా సంగతులు కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ఒంట్లో జాగ్రత్త.

ఖాలిక్.


శామీర్‌పేట,
భాద్రపద శుద్ధ షష్ఠి.

ఖాలిక్,

హైస్కూలులో ఒకే బెంచీ మీద కూర్చున్ననాటి నుంచి నీవు నాకు వానల గురించి రాయడం ఇదే మొదటిసారి. రోడ్డు మీది నీటి లోతు రాశావు. అడిగిన కొలత రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో మీ యజమానికి ఇలాంటి చీటీ ఒక్కటైనా ఇచ్చావా?

నీవు దాస్తున్నది ఏదో నాకు కొంత తెలుస్తున్నది. దానికి కారణం నేను దాచినది. చెవులు కొంచెం మందగించాయని రాశాను. కొంచెం కాదు. ప్రణయ్ పలికేటప్పుడు అతని పెదవులను చూసి ఏ అక్షరమో గ్రహిస్తున్నాను; చూపంతా అక్కడే ఉండి అతని చేతి మీదికి పోవడం లేదు. స్వరం దిగిందో లేదో వినిపించక ఏడాదిన్నర దాటింది; పరీక్ష భాగం అతనికి చెప్పింది ఆ తరువాతే. విన్నట్టే తల ఊపుతున్నాను. నా గొంతు నాకు పుర్రెలో మోగుతుంది కనుక అది సరిగానే ఉందని నమ్ముతూ వచ్చాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నీ వంతు. కొలత రాయి.

విరూపాక్ష శర్మ.


మేడ్చల్,
సెప్టెంబరు 4.

శర్మా,

రాస్తున్నాను. ఓపికగా చదువు.

యంత్రాన్ని బల్ల మీద బిగించి నాలుగు రోజులు కొలిచాను. ఎక్కించాను, దించాను, వంచాను. లోపం లేదు. తప్పు చెప్పడం దానికి చేతకాదు. అప్పుడు సైమా ఒక మాట అంది: "తాతా, ఆ రోజు పంతులు తాత గొంతు కూడా రికార్డ్ అయింది. దాన్ని చేతి గీత పక్కకు పెట్టి చూద్దామా?" వద్దనలేకపోయాను.

పదకొండు చోట్ల నీ చేయి గుండె దాకా దిగుతోంది. నీ గొంతు దిగడం లేదు. సగంలో ఆగిపోతోంది. కింది స్వరాలు వరుసగా రెండు మూడు వచ్చిన ప్రతిచోటా ఇంతే. అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. 1998లో మా గేజీ విభాగానికి కొత్త గది కట్టినప్పుడు నీతో ఇదే భాగం చదివించి, నేను క్యాసెట్‌లో పట్టాను. వెతికి తీశాను. ఆ క్యాసెట్‌లో నీ గొంతు పదకొండు చోట్లా దిగింది. సరిగ్గా ఇప్పటి నీ చేయి దిగినంతే దిగింది. ఒక్క వెంట్రుక తేడా లేదు. అంటే ఇరవై ఏడేళ్ళలో నీ చేయి మారలేదు. గొంతు మారింది. ప్రణయ్ నీ గొంతును విన్నాడు, చేతిని చూడలేదు. నీ గొంతులోని తప్పు అతని చేతిలోకి దిగింది.

రాయడానికి నాకు చేతులు రాలేదు. కొలత తప్పిన గేజీకి తాను తప్పినట్టు తెలియదు. అది ఎప్పటిలాగే నమ్మకంగా కొలుస్తుంది. దానిది నేరం కాదు. ఈ సంగతి నాకన్నా బాగా తెలిసినవాడు లేడు, అయినా నీకు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. మాఫ్ చెయ్యి.

ఖాలిక్.


శామీర్‌పేట,
భాద్రపద బహుళ తదియ.

ఖాలిక్,

ఉత్తరం అందింది. నీవు చేసినది సరియైన పని.

ప్రణయ్‌కు నిన్న అంతా చెప్పాను. వేరే గురువును వెతుక్కోమన్నాను. పరీక్షకు ఎనిమిది వారాలు కూడా లేవు. ఈ వేళకు ఎవరు చేరదీస్తారో తెలియదు. ఈ ఏటికి మానుకున్నా మానుకోవచ్చు. వాడు నమస్కరించి వెళ్ళాడు. అరుగు మీద పీట తీసి లోపల పెట్టాను.

సైమా కంట్రోలర్లు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాను.

విరూపాక్ష శర్మ.


మేడ్చల్,
సెప్టెంబరు 15.

శర్మా,

ఎవరినీ పంపను. పీట మళ్ళీ బయట వెయ్యి.

నా ఉత్తరంలో నీవు సగమే చదివావు. మా విభాగంలో గేజీ కొలత తప్పితే పారేసేవాళ్ళం కాదు. అద్దాల పెట్టెలో మఖమల్ గుడ్డ మీద ఒక మాస్టర్ గేజీ ఉండేది. దాని పక్కన పెట్టి, తేడా చూసి, సరిచేసి మళ్ళీ పనిలోకి పంపేవాళ్ళం. మాస్టర్ పోతేనే ఏడవాలి. నీ దగ్గర మాస్టర్ ఉంది. కుడి భుజానికి వేలాడుతోంది. మీ గురువుగారు నీకు ఏడేళ్ళప్పుడు మోచేయి పట్టుకొని ఎక్కించిన కొలత, చెవి పోయినా, వయసు మీదపడినా, చెక్కుచెదరకుండా ఉంది. నీవు దానిని ఇన్నాళ్ళూ శిష్యుడికి చూపించకుండా దాచావు.

సైమా ఆటను తలకిందులు చేసింది. ఇప్పుడది మైకుతో గొంతు వింటుంది, కంట్రోలర్‌తో చేయి చూస్తుంది. రెండూ కలిసి నడిచినంతసేపు కంట్రోలర్ నిశ్శబ్దంగా ఉంటుంది. గొంతు చేతిని వదిలేసిన చోట అరచేతిలో వణుకుతుంది. నీకు వినిపించనక్కర లేదు. తెలుస్తుంది. సుచిత్రలో వాళ్ళ పెద్దమనిషికి చూపిస్తే, "ఎవరు కొంటరమ్మా దీన్ని" అన్నాడట. అంటూనే కంట్రోలర్ తీసుకొని పాడడం మొదలుపెట్టి, చాయ్ చల్లారేదాకా నిలబడే ఉన్నాడట. కొంటారో లేదో నాకు తెలియదు. కుర్చీలోంచి లేపింది.

ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. షహజాది కూడా వస్తానంటోంది. నీకు చెప్పమన్న మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "చెయ్యి గంత సక్కగ దిగుతాంటే గొంతుకేం రోగం? గుంజుకొచ్చి చెయ్యి పక్కకు కూసోబెట్టు."

ప్రణయ్‌కు నేనే కబురు చేశాను. వేరే గురువు దగ్గరికి పోలేదట. రోజూ పొద్దున మీ వీధి చివరి దాకా వచ్చి, నిలబడి, డ్యూటీకి పోతున్నాడు.

ఖాలిక్.


శామీర్‌పేట,
కార్తీక బహుళ విదియ.

ఖాలిక్,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయకపోవడానికి కారణం తీరిక లేకపోవడమే. ఆదివారాల్లో మీరు చూసినది కొంత. చూడనిది చాలా ఉంది. క్రమంగా చెప్పబోతే ఆగలేను కనుక ఎలా తోస్తే అలా రాస్తాను.

పీట మళ్ళీ బయట వేశాను, ప్రణయ్ వచ్చాడు; అయినా మొదటి పదకొండు రోజులు నేనే శిష్యుణ్ణి. ప్రణయ్ రాకముందే స్నానం ముగించుకొని, కంట్రోలర్‌ను అరచేతికి కట్టుకొని, సైమా అమర్చి వెళ్ళిన మైకు ముందు ఒంటరిగా చదివేవాణ్ణి. తొలినాడు పదకొండు చోట్లా అది వణికింది. వణికిన ప్రతిసారీ మా గురువుగారు మోచేయి మీద చరచినట్టే ఉన్నది. కోపం రాలేదు; అరవై అయిదేళ్ళ తరువాత మళ్ళీ దెబ్బ తినే భాగ్యం ఎవరికి దక్కుతుంది? గొంతును చేతి వెంట దించడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. నాకు వినిపించే స్వరం సరియైనది కాదు. సరియైన స్వరం నాకు వినిపించదు. చీకటిమెట్లు దిగినట్టు, కాలికి తగిలేదాకా నమ్మి దిగడమే. తొమ్మిదో రోజు పూర్తి భాగంలో రెండుసార్లు మాత్రమే వణికింది. పదకొండో రోజు అరచేతిలో ఉన్నది ఉత్త ప్లాస్టిక్ ముక్కేమో అన్నంత మౌనంగా ఉన్నది. బ్యాటరీ అయిపోయిందనుకొని తెరచి చూశాను. నిండుగా ఉన్నది.

ఆ తరువాత ప్రణయ్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, మా గురువుగారి శాసనాన్ని ఆయనకే మనసులో విన్నవించుకొని, తప్పించాను. తల ఎత్తి నా చేతిని చూడమన్నాను. వాడు సంకోచించాడు. "గురువుగారూ, చూడొద్దన్నరు గదా" అన్నాడు. "నా నోటిని మూడేళ్ళు విన్నావు, ఇక చేతిని చూడు" అన్నాను. వాడి చేతికి ఒక కంట్రోలర్, నా చేతికి ఒకటి. ఎవరిది వణికితే వాళ్ళు మళ్ళీ మొదటికి. కొన్నిరోజులు వాడిది, కొన్నిరోజులు నాది. ఒకరోజు ఇద్దరివీ ఒకేచోట వణికితే ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాము. సాలమ్మ గోడ మీంచి తొంగిచూసి, "సదువా ఆటనా అయ్యా ఇది" అని అడిగింది. ఏమని చెప్పాలో తెలియక రెండూ అన్నాను.

ఏకాదశి నాడు వేదసభలో వాడి పరీక్ష. నేను ముందువరుసలో కూర్చున్నాను. ఒక్క అక్షరమూ వినిపించలేదు. వాడి చేతిని మాత్రం చూశాను. పదకొండు చోట్లూ నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఒక్కొక్కటీ గుండె దాకా దిగింది. పరీక్షాధికారులు ముగ్గురూ వయసులో నాకు చిన్నవారే, విద్యలో పెద్దవారు. ముగించాక ఫలితాన్ని కాగితం మీద రాసి ఇచ్చారు. వాడు దానిని తెచ్చి నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. పెదవులు చదివాను: "గురువుగారూ, ఒక్కటి తప్పిపోయింది."

కాగితం తెరిచాను. ఉత్తీర్ణుడని రాసి ఉంది. దాని కింద, ఫలానా చోట స్వరం ఒక అక్షరం ముందుగా లేచింది, సరిచూసుకోవలసినది అని రాసి ఉంది. ఆ పదకొండు చోట్లనూ నీవు రాసి ఇచ్చిన పట్టికను సంచీలోంచి తీసి, వేలు పెట్టి, మొదటి నుంచి చివరి వరకు వెతికాను. ఆ చోటు పదకొండింటిలో లేదు. అక్కడ నా గొంతు ఎన్నడూ తప్పలేదు. నా చేయీ తప్పలేదు. నీ క్యాసెట్‌లోనూ, సైమా గీతలోనూ అక్కడ అంతా సవ్యంగానే ఉన్నది. ఖాలిక్, అది నేను నేర్పిన తప్పు కాదు. మూడేళ్ళ చదువులో వాడు పూర్తిగా సొంతంగా చేసిన మొదటి తప్పు అది.

నేను సభామధ్యంలో లేచి నిలబడి వాడిని కౌగిలించుకున్నాను. తప్పు చేసినందుకు ఇంత మన్నన ఎందుకో పాపం వాడికి అర్థం కాలేదు. బస్సులో శామీర్‌పేట చేరేదాకా "కోపం వచ్చిందా" అని మూడుసార్లు అడిగాడు. రేపటి నుంచి ఆ ఒక్క అక్షరం మీద కూర్చుంటామని చెప్పాను.

విరూపాక్ష శర్మ.